మా ఇంటికి ఏ లెన్సు?

మా ఇంట్లో ఏ వస్తువు కొనాలన్నా ఇంటిల్లిపాదీ తలో మాట అనాల్సిందే. ఫ్రిజ్ కొన్నప్పుడు రంగు దగ్గర వారం రోజులు ఆగాం. గ్రైండర్ కొన్నప్పుడు రాయి బరువు దగ్గర ఆగాం. కెమెరా లెన్సు దగ్గరికొచ్చేసరికి ఏకంగా రెండు నెలలు పట్టింది. దాని గురించి మా ఇంట్లో అందరికీ అంతో ఇంతో తెలుసు మరి! అంతో ఇంతో తెలిసిన వాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

కెమెరా మా తమ్ముడిచ్చింది. వాడు బెంగుళూరులో ఉంటాడు. కొత్తగా మిర్రర్‌లెస్ కెమెరా కొనుక్కుని, పాత నికాన్ డి3300 ని సంక్రాంతికి వచ్చినప్పుడు నా చేతిలో పెట్టాడు. "అక్కా, మోడల్ పాతదే గానీ 24 మెగాపిక్సెళ్ళు. నీకు జీవితాంతం సరిపోతుంది. కావాలంటే ఒక మంచి లెన్సు కొనుక్కో చాలు" అన్నాడు. దాంతో పాటు వచ్చిన 18-55 లెన్సు ఎలాగూ ఉంది. ఆ 'ఒక మంచి లెన్సు' అన్న ముక్క మాత్రం నా చెవిలో ఉండిపోయింది.

డబ్బు సంగతి కూడా చెప్పేస్తాను. మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళం పన్నెండు మంది నెలకి వెయ్యి చొప్పున చీటీ వేసుకుంటాం. నేను ఆఖరి నెల తీసుకున్నాను కాబట్టి కోత లేకుండా 12,000 చేతికొచ్చాయి. అందులో ఒక్క రూపాయి దాటకూడదని గీత గీసుకున్నాను. అబ్బాయి ఫీజు డబ్బుల్లోంచి గానీ, పండగ బట్టల డబ్బుల్లోంచి గానీ తీసి కలిపే పని లేదు.

మా ఇల్లు కాకినాడలో పాత అపార్ట్‌మెంట్, మొదటి అంతస్తు. హాలు పన్నెండడుగులకి పది. వంటిల్లు ఎనిమిదికి ఏడు. పక్క బిల్డింగు గోడ మా వంటింటి కిటికీకి ఆరడుగుల దూరం. పగలు పదకొండింటికి కూడా లైటు వేసుకునే కూర తరగాలి. అందుకని ఏమయ్యేదంటే, ఉప్పాడ బీచ్‌లో తీసినవీ, అన్నవరం మెట్ల మీద తీసినవీ, మేడ మీద వడియాలు పెడుతుంటే తీసినవీ అన్నీ చక్కగా వచ్చేవి. ఇంట్లోకి వచ్చి తీస్తే మాత్రం మనిషి కదిలిన చోటల్లా అలికేసినట్టు వచ్చేది.

ఎందుకలా అని మా అబ్బాయిని అడిగితే వాడు లెన్సు ముందు భాగంలో ఉన్న అంకెలు చూపించాడు. వాడు బీటెక్ రెండో సంవత్సరం, చెప్పడం మొదలెడితే ఆపడు. నాకు అర్థమైనంత వరకూ చెప్తాను. లెన్సు లోపల రేకులతో చేసిన ఒక కిటికీ ఉంటుంది. అది ఎంత పెద్దగా తెరుచుకుంటుందో చెప్పేది ఎఫ్ అంకె. ఇక్కడ లెక్క తిరగేసి ఉంటుంది. అంకె చిన్నదైతే కిటికీ పెద్దది. మా 18-55 లెన్సుని 35 దగ్గర పెడితే ఆ కిటికీ ఎఫ్ 4.5 కి మించి తెరుచుకోదు. అదే ఎఫ్ 1.8 దాకా తెరుచుకునే లెన్సయితే దానికి ఆరు రెట్ల వెలుగు లోపలికి వస్తుంది. వంటింట్లో ఒక్క ఫోటోకి మా పాత లెన్సు సెకనులో పదిహేనో వంతు కళ్ళు తెరిచి ఉండాలనుకోండి, ఈ రెండోది అదే ఫోటోని తొంభయ్యో వంతులో తీసేస్తుంది. పదిహేనో వంతులో మనిషి చెయ్యి కదిలిపోతుంది. తొంభయ్యో వంతులో మామూలు కదలిక చాలావరకూ ఆగుతుంది.

"ఫ్లాష్ ఉందిగా" అనొచ్చు మీరు. ఉంది. వేస్తే ముఖానికి సున్నం కొట్టినట్టు ఉంటుంది, వెనక గోడ మీద నల్లటి నీడ పడుతుంది. పైగా మా అత్తయ్యగారు ఫ్లాష్ వెలగగానే కళ్ళు గట్టిగా మూసేస్తారు. "ఫోన్ ఉందిగా" అని కూడా అనొచ్చు. మా ఫోన్‌లో తీసినవి ఫోన్‌లో చూసుకోవడానికి బాగానే ఉంటాయి. ట్యూబ్‌లైటు వెలుగులో తీసినదాన్ని కాస్త పెద్దది చేసి ప్రింటు వేయిస్తే జుట్టు, చీర నేత, ముఖం మీద ముడతలు అన్నీ కలిపి పూత పూసినట్టు వస్తోంది. నాకు ఆ ముడతలే కావాలి.

ఎందుకు కావాలో చెప్తాను. ఆరేళ్ళ కిందట మా మావయ్యగారు పోయారు. పెద్ద ఫోటో ఒకటి కట్టించాలంటే ఇల్లంతా వెతికాం. ఆయన కెమెరా కనిపిస్తే పక్కకి తప్పుకునే మనిషి. "పిల్లల్ని తియ్యండర్రా" అనేవారు. చివరికి మా ఆడపడుచు పెళ్ళి ఆల్బంలో ఒకటి దొరికింది. బంతిలో కూర్చుని, పక్కాయనతో ఏదో మాట్లాడుతూ నవ్వుతున్నారు. అప్పటికప్పుడు ఒక స్టూడియోకి ఇస్తే, వాళ్ళు ముఖం వరకూ కత్తిరించి, వెనక నీలం రంగు పెట్టి, ఒంటి మీద నల్ల కోటు, టై అతికించి ఇచ్చారు. మా మావయ్యగారు ముప్ఫై మూడేళ్ళు గుమాస్తాగా చేశారు. పొట్టి చేతుల తెల్ల చొక్కా తప్ప వేరేది వేసుకున్నది లేదు. ఆ ఫోటో చూసి అత్తయ్యగారు "ఎవరిదీ కోటు?" అని ఒక్క మాట అన్నారు. తర్వాత ఏమీ అనలేదు. రోజూ పొద్దున్నే పువ్వు పెట్టేటప్పుడు ఆ కోటు వైపు ఒకసారి చూస్తారు. ఆ చూపు నాకు తెలుసు.

ఇప్పుడు అత్తయ్యగారికి డెబ్బై తొమ్మిది. ఫోటో తీస్తాను కూర్చోండి అంటే, "ఇప్పుడెందుకమ్మాయ్, కోటు తొడగడానికా?" అంటారు. నవ్వుతూనే అంటారు గానీ కూర్చోరు. ఆవిడ ఫోటో కావాలంటే ఆవిడ పనిలో ఆవిడ ఉన్నప్పుడు తియ్యాల్సిందే. ఆవిడ పనంతా వంటిల్లు, దేవుడి గది, హాల్లో కిటికీ పక్క కుర్చీ. ఈ మూడూ చీకటి కొట్లే. కాబట్టి నాకు కావాల్సిన లెన్సు ఏమిటో నా మనసులో ఒక ఆకారం వచ్చేసింది. దాన్ని ఇంట్లో నెగ్గించుకోవడమే మిగిలింది.

మావారిది జూమ్ పక్షం. "ఒకటే కొంటున్నాం కాబట్టి అన్నింటికీ పనికొచ్చేది కొనాలోయ్. 18-140 అని ఒకటుంది. దగ్గరా దూరం అన్నీ అందులోనే" అన్నారు. ఆదివారాలు కోరింగ మడ అడవులకి వెళ్ళి, ఆ చెక్కల దారి మీద నడుస్తూ పక్షుల్ని తియ్యాలని ఆయన కోరిక. తప్పేం లేదు. కాకపోతే 140 దగ్గరికి వెళ్ళేసరికి ఆ లెన్సు కిటికీ ఎఫ్ 5.6 కి మూసుకుంటుంది. ఇంట్లో నా కష్టం తీరకపోగా పెరుగుతుంది. పోనీ పక్షులకైనా సరిపోతుందా అంటే, కొంగల గుంపుకి సరే గానీ, కొమ్మ చివర కూర్చున్న లకుముకి పిట్టకి 140 ఏ మూలకీ రాదు, 300 అయినా ఉండాలని తమ్ముడు ఫోన్‌లో తేల్చేశాడు. వాడినది కూడా మా గీత దాటుతోంది.

మా అబ్బాయిది 50 ఎం.ఎం. పక్షం. "అమ్మా, ఎఫ్ 1.8. వెనకంతా కరిగిపోయి మనిషి ఒక్కడే తేలి కనిపిస్తాడు" అని వాడి స్నేహితుల ఫోటోలు చూపించాడు. నిజంగానే బాగున్నాయి. అన్నీ కాలేజీ మైదానంలో తీసినవి. వాడు నాలుగున్నర వేలకి ఒకటి దొరుకుతోందని సంబరపడుతూ వచ్చాడు గానీ, రాత్రి కూర్చుని చదివి, వాడే వద్దన్నాడు. ఇది మీకూ పనికొస్తుంది కాబట్టి వివరంగా చెప్తాను. నికాన్‌లో తక్కువ ధర కెమెరాల బాడీలో ఫోకస్ తిప్పే మోటారు ఉండదు. మా డి3300 అలాంటిదే. మోటారు లెన్సులోనే ఉండాలి. లెన్సు పేరులో ఏఎఫ్-ఎస్ అని ఉంటే మోటారు ఉన్నట్టు. ఒట్టి ఏఎఫ్ అని, చివర డి అక్షరం ఉన్న పాత 50 లెన్సు మా కెమెరాకి బిగుస్తుంది, ఫోటో కూడా తీస్తుంది, కానీ ఫోకస్ మనమే చేత్తో తిప్పుకోవాలి. పరిగెత్తే మనవడి వెంట ఫోకస్ తిప్పుకుంటూ పరిగెత్తే ఓపిక నాకు లేదు. చవగ్గా కనిపించిందల్లా కొనే ముందు ఆ రెండు మూడు అక్షరాలు చూసుకోండి. అలాగే నికాన్ జెడ్ రకం లెన్సులు మిర్రర్‌లెస్ కెమెరాలవి, ఈ పాత కెమెరాలకి అసలు బిగవవు.

ఇంతమంది ఇన్ని చెప్తుంటే, మన దగ్గర ఉన్న ఫోటోల్నే అడుగుదాం అనిపించింది. సంక్రాంతి నుంచి తీసిన ఫోటోలన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయి. ఫోల్డర్‌లో ఒక్కో ఫోటో పక్కన అది ఏ ఫోకల్ లెంగ్త్‌తో తీశామో కనిపించేలా పెట్టుకోవచ్చట. అబ్బాయి ఆ వరస పెట్టి, అంకెల ప్రకారం సర్దాడు. ఇంటి లోపల తీసిన వాటిల్లో ఎక్కువ భాగం 28 కీ 40 కీ మధ్యనే ఉన్నాయి. 55 దగ్గర తీసినవన్నీ గుడి గోపురాలు, పడవలు. మావారు అది చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

దాని తర్వాత ఇంకో పరీక్ష పెట్టాను. జూమ్ తిరక్కుండా 18-55 లెన్సుకి ప్లాస్టర్ అంటించాను. మొదటి వారం 50 కి దగ్గరగా, రెండో వారం 35 దగ్గర. ఏ లెన్సూ కొనకుండా, అరువు తెచ్చుకోకుండా, ఒకే అంకెతో బతకడం ఎలా ఉంటుందో దీంతో తెలిసిపోతుంది. మొదటి వారమంతా నా వీపు ఫ్రిజ్‌కి ఆనుతూనే ఉంది. కుట్టు టేపు పెట్టి కొలిస్తే, అయిదడుగుల మనిషి నిలువునా ఫ్రేములో పట్టాలంటే 50 తో పదిన్నర అడుగులు వెనక్కి జరగాలి. మా వంటింట్లో అంత దూరం కావాలంటే పక్క బిల్డింగు వాళ్ళ గోడలోకి వెళ్ళాలి. 35 తో ఏడున్నర అడుగులు చాలు. హాల్లో హాయిగా సరిపోయింది, వంటింట్లో గుమ్మంలో నిలబడితే సరిపోయింది. మా కెమెరాలో సెన్సర్ చిన్నది కాబట్టి 35 పెడితే పాత ఫిలిం కెమెరాల్లో 50 కి దగ్గరగా, సుమారు 52 లాగా కనిపిస్తుందట. మనిషి ముఖం మరీ సాగదు, గది మరీ ఇరుకవదు.

"జూమ్ లేని లెన్సుకి డబ్బులు పొయ్యడమేమిటి?" అన్నది మావారి ఆఖరి వాదన. భోజనాల దగ్గర ఈ మాట వచ్చింది. అప్పటి దాకా మాట్లాడకుండా పెరుగన్నం తింటున్న అత్తయ్యగారు అందుకున్నారు.

"నా కంట్లో పెట్టిందేమిట్రా? అదీ లెన్సేగా. ఆ డాక్టరుగారు రెండు రకాలు చెప్పాడు, జ్ఞాపకం ఉందా? దూరానికొక్కటే పనికొచ్చేదొకటి, దగ్గరికీ దూరానికీ రెండింటికీ అని ఇంకోటి, దాని ఖరీదెక్కువ. నాకు ఒక్కటే చాలన్నాను. గుమ్మంలో ఎవరొచ్చారో తెలుస్తోంది. పేపరు చదవాలంటే అద్దాలు పెట్టుకుంటున్నాను. ఏం లోటొచ్చింది?"

శుక్లం ఆపరేషన్లో పెట్టే లెన్సు గురించి ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఒకే దూరానికి చూపించేది, ఎక్కువ దూరాలకి చూపించేది అని రకాలున్నాయి. ఆవిడ తన రోజు ఎలా గడుస్తుందో చూసుకుని ఎంచుకున్నారు. మావారు "సరే, నీ ఇష్టం" అన్నారు. మా ఇంట్లో తీర్మానం నెగ్గిందంటే అర్థం అదే.

నికాన్ 35 ఎం.ఎం. ఎఫ్ 1.8 డిఎక్స్ లెన్సు 2009 లో వచ్చింది. బరువు 200 గ్రాములు. పేరులో ఏఎఫ్-ఎస్ ఉంది కాబట్టి మా కెమెరాతో ఫోకస్ దానంతటదే అవుతుంది. ముందున్న గాజు చుట్టు కొలత మా పాత లెన్సుదే, 52 ఎం.ఎం. అంటే మూతా, ఫిల్టరూ మళ్ళీ కొనక్కర్లేదు. కొత్తది నా గీతకి అంచున ఊగుతోంది. పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్లు చాలామంది మిర్రర్‌లెస్‌కి మారుతున్నారు, వాళ్ళ దగ్గర పాతవి దొరుకుతాయని తమ్ముడు చెప్తే, మెయిన్ రోడ్డు వైపు తెలిసిన స్టూడియో అబ్బాయిని అడిగాను. "ఉందండి, ఆయ్, తెచ్చి చూపిస్తాను" అన్నాడు. ఏడున్నర వేలు చెప్పాడు.

వాడిన లెన్సు కొనేటప్పుడు ఏం చూడాలో తమ్ముడు చెప్పిన జాబితా పట్టుకుని వెళ్ళాను. వంకాయలు ఏరుకునేటంత శ్రద్ధగా చూశాను. ముందూ వెనకా మూతలు తీసి, ఒక వైపు నుంచి ఫోన్ టార్చి వేసి, రెండో వైపు నుంచి వాలుగా చూడాలి. లోపల సాలెగూడు దారాల్లా గానీ, తెల్లటి మచ్చల్లా గానీ కనిపిస్తే అది బూజు. మన సముద్రపు ఊళ్ళలో చెమ్మకి లెన్సుల్లో బూజు పట్టడం మామూలే. అది గాజు మీద పూతని తినేస్తుంది కాబట్టి ఎంత చవకైనా వద్దనుకోవాలి. చిన్న చిన్న దుమ్ము కణాలకి భయపడక్కర్లేదు, ఫోటోలో కనిపించవు. ఈ లెన్సు వెనక ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని నెమ్మదిగా కదిపితే లోపలి రేకులు టక్కున తెరుచుకుని, టక్కున మూసుకోవాలి. బద్ధకంగా కదిలినా, రేకుల మీద నూనె మెరుపు కనిపించినా వద్దు. తర్వాత మన కెమెరాకే బిగించి, దగ్గరికొకటి, దూరానికొకటి ఫోకస్ చేసి, ఎఫ్ 1.8 లో ఫోటోలు తీసి, పెద్దవి చేసి చూసుకోవాలి. స్టూడియో అబ్బాయి నా జాబితా చూసి, "మేడమ్, మీరు నా కంటే బాగా చూస్తున్నారండి" అని మూడు వందలు తగ్గించాడు. 7,200 కి ఇంటికొచ్చింది.

మూడు వందలకి గాలి చొరని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ కొన్నాను. కెమెరా, లెన్సులు అందులోనే ఉంటాయి. ఆ గింజలు చెమ్మ పీల్చుకుని రంగు మారితే మళ్ళీ వేడి చేసి ఆరబెట్టుకోవచ్చు. చాలామంది బియ్యంలో పెట్టమంటారు. బియ్యంలో ఉండే పొడి లెన్సు సందుల్లోకి వెళ్తుంది, వద్దు.

వాడుతుంటే తెలిసినవి రెండు మూడు ఉన్నాయి. ఎఫ్ 1.8 పెట్టాం కదా అని అన్నీ అందులోనే తియ్యకూడదు. మీటరు దూరం నుంచి తీస్తే ముందూ వెనకా కలిపి ఆరు సెంటీమీటర్ల మేరకే స్పష్టంగా ఉంటుంది. కన్ను బాగుంటే చెవి మసక. ఒక్క మనిషికైతే అది అందమే. ఇద్దరు పక్క పక్కన ఉంటే 2.8 అయినా పెట్టాలి. వరసల్లో నిలబడ్డ చుట్టాలకైతే 5.6, వీలైతే వరండా వెలుగులో. ఇంకోటి, జూమ్ లేదు కాబట్టి మనమే కదలాలి. మొదట్లో విసుగ్గా ఉంటుంది. పది రోజుల్లో ఎక్కడ నిలబడాలో కాళ్ళకే అలవాటవుతుంది, మూకుడులో నూనె ఎంత పొయ్యాలో చేతికి అలవాటైనట్టు.

అత్తయ్యగారు నాలుగు రోజులు చూశారు. ఫ్లాష్ పడటం లేదు, కూర్చోమని అడగటం లేదు. తర్వాత పట్టించుకోవడం మానేశారు. మల్లెపూలు మాల కడుతుంటే తీశాను. కందిపప్పు ఏరుతుంటే తీశాను. మా ఆడపడుచు మనవడు ఆవిడ అద్దాలు లాక్కుని పెట్టుకుంటే, అబ్బో అని పడీ పడీ నవ్వుతుంటే తీశాను. కిటికీ పక్క కుర్చీ, సాయంత్రం నాలుగింటి వెలుగు, ఎఫ్ 2. నుదుటి మీద గీతలు, చెంప మీద ఒక్క పుట్టుమచ్చ, నేత చీర అంచు, అన్నీ ఉన్నాయి.

మిగిలిన నాలుగున్నర వేలతో ఏం కొంటావని అబ్బాయి అడిగాడు. ప్రింట్లు వేయిస్తానన్నాను. లెన్సు కొనే డబ్బులోనే ప్రింట్ల డబ్బు పక్కన పెట్టుకోండని నా సలహా. లేకపోతే ఎంత మంచి ఫోటో అయినా హార్డ్ డిస్కులో పడి ఉంటుంది, అవసరమైనప్పుడు ఎవరికీ దొరకదు.

ప్రింట్ల పని పెట్టుకున్నప్పుడే మావయ్యగారి సంగతి గుర్తొచ్చింది. మా ఆడపడుచుకి ఫోన్ చేసి, "వదినా, వచ్చేటప్పుడు నీ పెళ్ళి ఆల్బం తీసుకురా" అన్నాను. ఈ 35 లెన్సు 30 సెంటీమీటర్ల దగ్గరికి కూడా ఫోకస్ అవుతుంది. ఆ దూరంలో పోస్టుకార్డు సైజు ఫోటో ఒకటి ఫ్రేము నిండుగా పడుతుంది. కిటికీ పక్కన బల్ల మీద ఆల్బం పేజీని చదునుగా పరిచి, ఎండ నేరుగా పడకుండా, లైట్లు ఆపేసి, కెమెరాని సరిగ్గా పైనుంచి పట్టుకుని తియ్యాలి. ఫ్లాష్ వేస్తే మెరుపు కొడుతుంది. చెయ్యి వణక్కుండా మా ఇత్తడి బిందె మీద నాలుగు పుస్తకాలు పేర్చి, వాటి అంచున కెమెరా ఆనించి, ఎఫ్ 8 పెట్టి, రెండు సెకన్ల టైమర్‌తో తీశాను. పాత ఫోటో అయినా బాగా వచ్చింది. బంతి మొత్తం వచ్చింది. అరిటాకు, ఆకులో సగం తిన్న బూరె, పక్కాయన భుజం, తెల్ల చొక్కా, జేబులో పెన్ను, నవ్వు. ఏదీ కత్తిరించలేదు. అలాగే పెద్దది చేయించి కట్టించాం.

మావారు కోటు ఫోటో దించి, ఆ మేకుకే ఇది తగిలించారు. అత్తయ్యగారు దగ్గరికి వెళ్ళి, అద్దాలు పెట్టుకుని, చాలాసేపు చూశారు. "బూరెలు ఆ రోజు ఆరు తిన్నారు. నేను లెక్కపెట్టాను" అన్నారు. లోపలికి వెళ్ళిపోయి, మళ్ళీ వచ్చి చూశారు.

రెండు రోజులాగి, నా ప్రింట్లన్నీ మంచం మీద పరుచుకుని కూర్చున్నారు. పేకముక్కల్లా ఒక్కొక్కటీ తిప్పి చూసి, పిల్లాడు అద్దాలు లాక్కున్నది తీసి నా చేతికిచ్చారు. "ఇది దాచిపెట్టు. ఇంకేదీ వెతక్కండి" అన్నారు. ఎందుకని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు. దాన్ని బీరువాలో ఆవిడ పట్టుచీరల కింద పెట్టాను. కాపీ ఒకటి చిన్నది చేయించి ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించాను, ఇప్పుడు రోజూ చూసుకుని నవ్వుకోవడానికి.

మీరూ లెన్సు కొనాలనుకుంటుంటే, షాపుకి వెళ్ళే ముందు పాత ఫోటోలు ఒకసారి సర్దుకోండి, ఉన్న లెన్సుకి ప్లాస్టర్ అంటించి రెండు వారాలు ఉండండి, కుట్టు టేపుతో గది కొలవండి. మా ఇంటికి 35 సరిపోయింది. పెద్ద హాలు, పెద్ద కిటికీలున్న వాళ్ళకి 50 సరిపోవచ్చు. ఇంట్లో కంటే బయటే ఎక్కువ తిరిగే వాళ్ళకి మావారి జూమే సరి. ఎవరెంత దూరంలో నిలబడి, ఎంత వెలుగులో, ఎవర్ని చూస్తున్నారో దాన్ని బట్టి ఉంటుంది.

మావారు మాత్రం కొత్తగా మొదలైన చీటీలో తన పేరు మీద ఒకటి వెయ్యమన్నారు. కోరింగలో లకుముకి పిట్ట ఆయన కోసమే కూర్చుని ఉందట. అది ఇంకో పన్నెండు నెలలు ఆగాలి మరి.